దొర తోటలో సాన్పు

మా ఆయన పోయాక ఎల్బీ నగర్ కూలీల అడ్డాలో నిలబడితే, నా వయసు చూసి ఎవరూ పిలిచేవాళ్లు కాదు. అందుకే దిల్‌సుఖ్‌నగర్‌లో తవ్వకం పని దొరగ్గానే గట్టిగా పట్టుకున్నాను. కోచింగ్ సెంటర్ల వెనక ఒక పాత బంగళా ఉంది. తెల్లదొరల కాలంలో దాని ముందు పెద్ద తోట ఉండేదట. ఆ తోట ఏ ఆకారంలో ఉండేదో మట్టి తీసి కనిపెట్టాలి. తవ్వకం చేయించే మేడమ్ చూపించిన చోట మేం పైమట్టి గీకేవాళ్లం. ఎంత గీకినా అంతా ఒకటే రంగు.

ఫోటో తీయాలని ఒకరోజు మేడమ్ నేలంతా కుంచెలతో ఊడ్పించింది. మర్నాడు అందరికంటే ముందు నేనే వచ్చాను. ఊడ్చిన నేల కనబడితే నా చేయి ఊరుకుంటుందా? పుట్టింట్లో అయినా, అత్తగారింట్లో అయినా పొద్దున ఊడ్చిన వాకిట్లో పేడనీళ్ల సాన్పు చల్లాల్సిందే. పేడ దొరకలేదు. ఒట్టి నీళ్లే బకెట్‌తో చల్లేశాను.

మేస్త్రీ వచ్చి తల పట్టుకున్నాడు.

"ఏం జేసినవ్ అక్కా! గిదేమన్న నీ వాకిలా?"

"ఊడ్సిన జాగ గట్లనే ఎండుగ ఇడిసిపెడ్తరా?"

"నయం, పెండ గలపలే. ముగ్గు గూడ ఎయ్యకపోయినవ్! ఇగ రేపట్నించి రాకు."

"నువ్వు రాకంటే రానా? మేడమ్‌ను రానియ్యి."

మేడమ్ రానే వచ్చింది. "ఎవరమ్మా నీళ్లు పోసింది?"

"నేనే" అన్నాను. దాక్కోవడం నాకు రాదు.

తిట్టబోయి ఆగిపోయింది. అప్పటికి ఎండ ఎక్కింది. సున్నం, కంకర వేసి గట్టిచేసిన పాత బాటలు తొందరగా ఆరి తెల్లబడ్డాయి. పూలమడుల్లోని మెత్తటి మట్టి మాత్రం నీళ్లు తాగి నల్లగానే ఉంది. నడుమ ఒక గుండ్రం, దాని చుట్టూ రేకుల్లా మడులు. మేడమ్ నిచ్చెనెక్కి ఫోటోలు తీసుకుంది.

దిగివచ్చి నాతో అంది: "నీళ్లు మేమూ కొడతామమ్మా, పిచికారీ పంపుతో సన్నగా. ఇవాళ అదే చేద్దామనుకున్నా. బకెట్‌తో కుమ్మరిస్తే మట్టి కొట్టుకుపోతుంది. ఆ మూల చూడు, బాట అంచు పాడైంది."

నిజమే, పాడైంది.

"ఇంకోపారి బకెట్ ముట్ట మేడమ్. గా పంపు నాకియ్యుండ్రి."

"ఇయ్యుండ్రి, ఇయ్యుండ్రి. రేపు నన్ను గూడ పొమ్మంటది" అన్నాడు మేస్త్రీ. మేడమ్ నవ్వి పంపు తెప్పించింది.

ఆ తవ్వకం అయ్యేదాకా దాన్ని నేను ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు.