గ్యాసు పైపుకి కట్టిన గుమ్మడికాయ

మొన్న మా అపార్ట్‌మెంటుకి గ్యాసు పైపులైను ఇచ్చారు. వంటింట్లో పైపు బిగించడానికి వచ్చినతను మగ్గులో సబ్బునీళ్లు కలిపి, బ్రష్షుతో జాయింటు మీద రాశాడు. గ్యాసు కారుతున్న చోట ఒక చిన్న బుడగ లేచింది. ఏం ఫర్వాలేదు మేడమ్, కొంచెం బిగిస్తే సరిపోతుందని అతను తన పని తాను చేసుకుపోయాడు. నేను మాత్రం గోడకి ఆనుకుని నిలబడిపోయాను. వంటింట్లో కర్పూరం పలుకు కూడా లేకపోయినా ముక్కుకి ఘాటుగా కర్పూరం వాసన కొట్టింది. నలభై ఏళ్లు దాటినా ఆ శుక్రవారాన్ని నా ఒళ్లు మరిచిపోలేదు. ఆ రోజు మా లాండ్రీలో ఎనిమిది మందిమి బతికి బయటపడ్డామంటే దానికి కారణం ఖాదర్ మేస్త్రి. ఆయన గురించి మీకెవరూ చెప్పి ఉండరు. నేనే చెప్పాలి. ఎందుకంటే ఆయనకి అన్యాయం చేసిందీ నేనే.

ఎనభైల మొదట్లో మల్కాపురంలో మాకు లాండ్రీ ఉండేది. పేరు అన్నయ్యది, చాకిరీ నాది. పోర్టుకి వచ్చిన ఓడల్లోంచి దుప్పట్లు, గలీబులు, తువ్వాళ్లు మూటలు మూటలుగా మా దగ్గరికి వచ్చేవి. ఓడ కదిలేలోగా ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి అప్పగించాలి. ఎండ కాసినన్నాళ్లు దర్జాగానే ఉండేవాళ్లం. వాన పట్టిందంటే మా మొహాలు కూడా తడి దుప్పట్లలాగే వేలాడేవి. ఒకసారి ముసురు వదలక రెండు ఓడల బట్టలు ముక్కిపోయి వెనక్కి వచ్చాయి. అప్పుడు అన్నయ్య పాత ఓడల సామాను అమ్మేచోట ఒక వేడిగాలి హీటరు కొనుక్కొచ్చాడు. ఇనపపెట్టె, లోపల గ్యాసు మంట, వెనక ఫ్యాను. కప్పుకి వేలాడదీసి పైపు కలిపితే గదంతా వేడిగాలి కొడుతుంది. ఆ పైపు కలపడానికి పాతవూరి నుంచి ఖాదర్ మేస్త్రిని పిలిపించాం.

సన్నటి మనిషి, యాభై దాటినవాడు. కళ్లజోడు జారకుండా వెనక దారం కట్టుకునేవాడు. పైపు మీద పడగానే లోకం మరిచిపోయేవాడు. నాకేమో తొందరెక్కువ. ఒక నట్టు బిగించడానికి ఈయన రెండు రెంచీలు ఎందుకు పట్టుకుంటాడో, పైపు చివర మరలకి గ్యాసు కారకుండా పేస్టు రాసేటప్పుడు చివరి రెండు మరలు ఎందుకు వదిలేస్తాడో నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే విసుక్కునేవాడు కాదు. ఒక రెంచీతో తిప్పుతూ రెండో దానితో అవతలి పైపు కదలకుండా పట్టుకోవాలట, లేకపోతే హీటరులో ఉన్న సున్నితమైన వాల్వు మెలిపడిపోతుందట. చివర్న పేస్టు పూస్తే అది లోపలికి జారి మంట దారి మూసేస్తుందట. హీటరుకి ముందు పైపుని ఒక జానెడు కిందికి దింపి మూత పెట్టాడు. ఏ పనికీ రాని ఈ తోక ఎందుకన్నాను.

"పైపులో తుప్పూ తడీ ఉంటాదమ్మా. అది దిగడానికి ఒక సోటు ఉండాల. నువ్వియ్యకపోతే దానికి నచ్చిన కాడ దిగతాది."

ఆ తర్వాత గాలి పట్టించి చూశాడు, గ్యాసు వదిలి సబ్బునీళ్లతో చూశాడు. సబ్బు లాండ్రీలో దొరక్కపోతే ఇంకెక్కడ దొరుకుతుందని నేను బకెట్ నిండా కలిపి ఇస్తే మురిసిపోయాడు. బ్రష్షు నా చేతికే ఇచ్చి ప్రతి జాయింటూ నాతో తడిపించాడు. ఎక్కడా బుడగ రాలేదు. సిలిండరు కట్టేసి చేతులు తుడుచుకుంటూ, ఈ పైపుని తన తర్వాత ఎవరు ముట్టుకున్నా మళ్లీ సబ్బు రాయాల్సిందేనని, తాను వచ్చేదాకా వెలిగించవద్దని నాతో మరీ మరీ చెప్పి నమాజుకి సైకిలెక్కాడు. నేను తలూపాను. పెళ్లిచూపుల్లో ఆడపిల్ల ఊపినట్టు ఊపాను, అంతే.

ఆ రోజు శుక్రవారం. రాహుకాలం వెళ్లిపోయింది, రెండింటిలోపు పూజ అయిపోవాలని వదిన పట్టుబట్టింది. కొత్త యంత్రానికి పసుపూ కుంకుమా పెట్టి, దిష్టికి బూడిద గుమ్మడికాయ కట్టి, హారతి ఇవ్వాలి. అన్నయ్యా వదినా పూజ సామాను హడావిడిలో ఉంటే గుమ్మడికాయ నేనందుకున్నాను. మంచి బరువైన కాయ. ఉట్టిలో పెట్టి నలువైపులా చూస్తే గోడకి మేకు లేదు, గుమ్మానికి కొక్కెం లేదు. కొత్త రంగు వేసిన పైపు మాత్రం హీటరు పక్కన అందంగా అడ్డంగా ఉంది. ఇస్త్రీ చేసే అప్పలమ్మ స్టూలు పట్టుకుంటే ఎక్కి దానికే కట్టాను. ఉట్టి సరిగ్గా రెండు పైపులూ కలిసే చోట వేలాడింది. చూడముచ్చటగా ఉందని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా. హారతి అవగానే వెలిగించేద్దామని అన్నయ్య వెనక్కి వెళ్లి సిలిండరు తిప్పి గ్యాసు వదిలేశాడు. వానగాలికి కర్పూరం ఆరిపోతుందని తలుపులన్నీ మూశాం. గదిలో బ్లీచింగ్ పౌడరు వాసన తప్ప మాకు వేరే వాసన తెలియలేదు. గ్యాసు గాలి కంటే బరువని, కింద పాకుతూ గచ్చులోని కాలవలో నిండుతుందని మాలో ఎవరికీ తెలియదు.

వదిన కర్పూరం వెలిగించి హీటరుకి మూడుసార్లు చూపించింది. అందరం కళ్లకద్దుకున్నాం. పళ్లెం కింద పెట్టడానికి ఆమె వంగుతుండగా తలుపు ధడాలున తెరుచుకుంది. ఖాదర్ మేస్త్రి వానలో తడిసి ముద్దయి గుమ్మంలో ఉన్నాడు. ఆయన చూపు గుమ్మడికాయ మీద పడడం చూశాను. మరుక్షణం ఒక్క అంగలో వచ్చి, వదిన చేతిలోని పళ్లెం లాక్కుని, మండుతున్న కర్పూరం మీద తన అరచెయ్యి బోర్లించాడు.

మా దేవుడి హారతిని ఒక తురక మనిషి చేత్తో నలిపి ఆర్పడం మా కళ్లతో మేం చూశాం. ఈ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఆ క్షణంలో మా అందరి బుర్రల్లోనూ ఉన్నది అదే. వదిన ఏడుపు అందుకుంది. అన్నయ్య ఆయన చొక్కా కాలరు పట్టుకుని, మా దీపం ఆర్పడానికి నువ్వెవడివిరా అన్నాడు.

"ముందు తలుపులు తియ్యండి బాబూ. స్విచ్చులు ఎవులూ ముట్టుకోకండి. బయటికెళ్లినాక నన్ను కొడుదురు గాని."

ఆయన గొంతులో కోపం లేదు. ఆ నిదానానికే భయపడి అందరం వానలోకి వచ్చేశాం. ఆయన సిలిండరు కట్టేసి, గది తలుపులు బార్లా తెరిచి, చాలాసేపు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. తర్వాత స్టూలెక్కి గుమ్మడికాయ విప్పి పక్కన పెట్టాడు. గ్యాసు కొద్దిగా వదిలి సబ్బునీళ్లు రాశాడు. రెండు పైపులు కలిసే చోట నురగ కుప్పలా పొంగి కిందికి కారింది. అప్పలమ్మ తడి గచ్చు మీద కూలబడి తన మనవల పేర్లు ఒక్కొక్కటే పైకి అనుకుంది. వదిన ఏడుపు ఆగిపోయింది. వంగిన ఆమె చేతికీ ఆ గచ్చుకీ మధ్య ఎంత దూరం మిగిలిందో అందరికీ ఒక్కసారే అర్థమైంది.

మేస్త్రి దిగి, ఆ కాయ ఎవరు కట్టారని అడిగాడు. ఆయన అరచెయ్యి బొబ్బలెక్కుతోంది. నేను అన్నయ్య మొహం చూశాను. నేనేనని ఒప్పుకోలేదు. అప్పలమ్మకి తెలుసు, నా కోసం ఆమె తలదించుకుంది. అన్నయ్యకి తన భయం ఎవరి మీదో ఒకరి మీద కక్కాలి. గుమ్మడికాయకే ఊడిపోయే జాయింటు వేసి, నెపం కాయ మీద పెడతావా అన్నాడు. మేస్త్రి నావైపు ఒకసారి చూసి, రెంచీలు తీసుకుని, ఆ జాయింటు విప్పి మొదటి నుంచి బిగించాడు. వెళ్లేముందు గుమ్మం పైన ఒక లావుపాటి కొక్కెం కొట్టాడు.

మా అన్నయ్య నోరు మంచిది కాదు. ఖాదర్ జాయింటు కారిందనీ మేం చావు తప్పి బయటపడ్డామనీ మల్కాపురమంతా చాటాడు. నెల తిరిగేసరికి, ఒక పెద్ద క్యాంటీను పైపుల పని ఆయన చేతిలోంచి పోయిందని అప్పలమ్మ చెప్పింది. ముప్ఫయ్యేళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరు నా నోరు మూతపడినందుకు పోయింది. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. తెల్లారి పాతవూరు వెళ్లి ఆయన ఇంటి గుమ్మంలో నిలబడి, కట్టింది నేనే మేస్త్రిగారూ అన్నాను.

"తెలుసమ్మా. మూటలకి నువ్వేసే ముడే అది. ఎడం చేత్తో ఏసేది ఆ లాండ్రీలో నువ్వొక్కదానివే."

మరి అన్నయ్యకి ఎందుకు చెప్పలేదని అడిగాను. పని పోయింది, పేరు పోయింది, ఒక్క మాట అంటే సరిపోయేది కదా అన్నాను.

"నాను సెప్తే నీ మీద పితూరీ అయిపోద్ది. నువ్వు సెప్తావని సూసాను."

నెల రోజులు చూశాడు. కాలిన చేత్తో, పని లేకుండా, నన్ను నమ్మి చూశాడు. ఆ రోజు హారతి ఆరిపోయినప్పుడు కూడా నేను అంతగా అదిరిపోలేదు.

కాయ కట్టింది నేననీ, అంతకుముందు ఒక్క బుడగా రాలేదనీ, తాను వచ్చేదాకా వెలిగించవద్దని మేస్త్రి నాకు చెప్పే వెళ్లాడనీ ఆ సాయంత్రమే అన్నయ్యకి చెప్పాను. ఆయన చెయ్యెత్తాడు, ఎందుకో మళ్లీ దించేశాడు. మర్నాడు క్యాంటీను కాంట్రాక్టరు దగ్గరికి నేనే వెళ్లాను. మేస్త్రి నాతో వచ్చి, లోపలికి మాత్రం రాకుండా సైకిలు పట్టుకుని గేటు దగ్గరే ఆగిపోయాడు. కాంట్రాక్టరు అంతా విని, ఈ మాట వారం ముందు చెప్పాల్సిందమ్మా, పని వేరేవాళ్లు మొదలెట్టేశారన్నాడు. బయటికి వచ్చేసరికి నాకు కన్నీళ్లు ఆగడం లేదు.

"సెప్పీసావా?" అని అడిగాడు మేస్త్రి.

చెప్పాను గానీ పని దొరకలేదన్నాను.

"పని సంగతి నానడగలేదమ్మా" అని సైకిలు తిప్పాడు.

అప్పట్నుంచి ఏ తప్పు చేసినా ఆ పొద్దు గుంకేలోగా సంబంధించినవాళ్లకి చెప్పేస్తాను. కోడళ్లు నన్ను మొండిదంటారు, తెలిసినవాళ్లు ధైర్యస్థురాలంటారు. ధైర్యం కాదు. ఎక్కడో ఒక మంచి మనిషి ఏమీ అనకుండా నా నోటి వైపు చూస్తూ కూర్చుని ఉంటాడేమోనని నా భయం.