పిడికిలికి సరిపోయే స్టిక్

2022లో వానలు మొదలైన రోజులు. హోసూరు మూకండపల్లిలోని నా రిపేరు షాపుకి వెంకటేశప్ప ఒక గేమ్ కంట్రోలర్ తెచ్చాడు. చిత్తూరు నుంచి వచ్చి, భార్యాభర్తలిద్దరూ ఇక్కడి ఫ్యాక్టరీలో చేరారు. భార్య నాగరత్న క్రేన్ ఆపరేటర్. పక్షవాతం వచ్చి ఆమె కుడిచేతి పట్టు పోయిందనీ, ఆటలాడితే వేళ్లు కదులుతాయని ఫిజియోథెరపిస్టు చెప్పారనీ అన్నాడు.

కంట్రోలర్ మీద బొటనవేలితో తిప్పే చిన్న బొడిపెను అనలాగ్ స్టిక్ అంటారు. బటన్‌కి నొక్కడం, వదలడం రెండే తెలుసు. స్టిక్ అలా కాదు. కొంచెం వంచితే బొమ్మ నడుస్తుంది, బాగా వంచితే పరుగెడుతుంది. ఎంత వంగిందో కొలిచేది లోపలుండే పొటెన్షియోమీటర్. అది అరిగిపోయి, ముట్టుకోకపోయినా బొమ్మ పక్కకు పోతోంది. మార్చి ఇచ్చాను.

వారం తిరక్కుండానే ఆయన మళ్లీ వచ్చాడు.

"రిపేరు బాగానే ఉండాదమ్మా. ఆమెకే చేతకాక విసిరికొట్టింది. ఇంక ఏ ఎక్సర్‌సైజూ చెయ్యనంటాది. ఒకసారి వచ్చి చూస్తారా?"

వెళ్లాను. నాగరత్న గోడవైపు తిరిగి కూర్చుంది. అటు తిరిగే అంది.

"ఇంత బొడిపెని యాడ పట్టుకునేదమ్మా? ఇన్నేండ్లు లీవరు పట్టిన చెయ్యి ఇది."

"ఇది కూడా మొదట లీవరే నాగరత్నమ్మా" అన్నాను. విమానం నడిపేవాళ్లు పిడికిట పట్టే కర్ర నుంచే జాయ్‌స్టిక్ వచ్చిందనీ, తొలినాటి వీడియో గేముల్లోనూ పొడుగు పిడే ఉండేదనీ, బొటనవేలికి తగ్గట్టు చిన్నదైంది తర్వాతేననీ చెప్పాను.

ఆమె నావైపు తిరిగింది. "అట్లయితే నాకు ఆ పాతదే చేసియ్యమ్మా."

పెద్ద జాయ్‌స్టిక్ ఒకటి చెక్కపెట్టెలో బిగించి, స్కూటర్ హ్యాండిల్ రబ్బరు తొడిగాను. లోపల మెత్తని స్ప్రింగు వేశాను. చేతి కదలికను తెరమీద ఎంతగా చూపాలో నిర్ణయించే అమరికను కాలిబ్రేషన్ అంటారు. ఆమె చేతిలో ఉన్న కాస్త కదలికా తెరమీద కనిపించేలా దాన్ని సరిచేశాను.

ఆమె పిడిని కొంచెం తోసింది. తెరమీది ఆటలో కారు జానెడు ముందుకు జరిగింది. ఆమె తన చేతినీ తెరనూ మార్చి మార్చి చూసింది.

"నేనేనా నడిపినాను?"

"నువ్వే" అన్నాడు వెంకటేశప్ప.

"బ్రేకు యాడుందో చెప్పమ్మా" అంది నాతో.

దసరా అయ్యాక ఆమే షాపుకొచ్చింది. పెట్టె భర్త చంకలో ఉంది.

"స్ప్రింగు మరీ మెత్తగా ఉండాది. గట్టిది వెయ్యమ్మా."

వేశాను. పెదవి బిగించి, పిడిని చివరిదాకా లాగింది.

నాగరత్న మళ్లీ క్రేన్ ఎక్కలేదు. కానీ కొత్త ఆపరేటర్లకు పని నేర్పడానికి ఫ్యాక్టరీవాళ్లు పిలిచారు, వెళ్తోంది.

అంతవరకూ వస్తువు బాగైతే నా పని అయిపోయిందనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరు కంట్రోలర్ తెచ్చినా, స్క్రూ విప్పేముందు "ఏదీ, ఒకసారి పట్టుకుని చూపించండి" అంటాను.