బాదం పాలలో పల్లీ

సికింద్రాబాద్‌లోని ఓ చిన్న ల్యాబ్‌లో నేను ఆహార పదార్థాలకు డీఎన్ఏ పరీక్షలు చేసేదాన్ని. సాఫ్ట్‌వేర్ కంపెనీలు వరుసగా వెలుస్తున్న రోజులవి. అలాంటి ఒక కంపెనీ క్యాంటీన్ వాళ్లు, తాము కొనే బాదం పాలలో కల్తీ ఉందేమో చూడమని సీసా పంపారు. పరీక్షలో వేరుశనగ డీఎన్ఏ కనిపించింది. అలాగే రిపోర్టు రాసిచ్చాను.

నాలుగో రోజు ఆ పాలు తయారుచేసే పెద్దావిడ కాప్రా నుంచి వచ్చింది. క్యాంటీన్ వాళ్లు ఆమె దగ్గర కొనడం ఆపేశారట.

"మా ఇంట్ల పల్లీ గింజ సుత ఉండదు బిడ్డా. మనుమరాలికి పడదు. జెర మల్ల చూడు," అంది.

ఆమె వెళ్లాక కుదురుగా కూర్చోలేకపోయాను. మళ్లీ పరీక్ష పెట్టాను. ఈసారి పరీక్షలోనే లోపముంటే తెలిసేలా పక్కనే వట్టి నీళ్లకూ పెట్టాను. మొదటిసారి తొందరలో ఆ పని మానేశాను. నీళ్లలోనూ వేరుశనగే వచ్చింది. పరీక్షలు చేసే ఆ బల్ల మీదే నేను రోజూ పల్లీపొడి అన్నం డబ్బా విప్పేదాన్ని.

మా సార్‌కి చెబితే, "రిపోర్టు మారిస్తే మనల్నెవరు నమ్ముతారు?" అన్నారు. మధ్యాహ్నమంతా మెట్లు ఎక్కుతూ దిగుతూ గడిపాను. చివరికి ఆయన్ని అడక్కుండానే క్యాంటీన్‌కి ఫోన్ చేసి, తప్పు నాదని చెప్పాను. పాలు మళ్లీ తీసుకుంటామన్నారు. వెంటనే కాప్రా బస్సెక్కాను.

పెద్దావిడ అంతా విని గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుంది.

"నా కోడలే ఏమో కలిపిందని మూడు దినాల సంది దానితోని మాట్లాడుత లేను. నువ్వే చెప్పు బిడ్డా, నాకు మొఖం చెల్లుత లేదు."

చెప్పులు విడిచి లోపలికి వెళ్లి చెప్పాను. కోడలు తల ఎత్తకుండా గిన్నెలు తోముతూనే ఉంది.