కలవని గీతలు

రహిమున్నీసాకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. బ్రాడీపేటలోని ఆ ప్రైవేటు హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకి ఆ సంగతి బాగా తెలుసు. శనివారం మధ్యాహ్నం ప్రిన్సిపాల్ జయపాల్ గారికీ తెలిసొచ్చింది.

వారం పరీక్షలో ఒక లెక్క ఇచ్చారు. త్రిభుజంలో కోణాలు x, 2x + 30, x − 50 డిగ్రీలు, x ఎంత? మూడూ కలిపి నూట ఎనభైకి సమానం చేస్తే x యాభై. హెడ్డాఫీసు పంపిన కీలోనూ అంతే ఉంది. శాంతి అనే పిల్ల అక్కడ ఆగలేదు. యాభైని తిరిగి కోణాల్లో వేసి చూసింది. మూడో కోణం సున్నా! ‘ఇలాంటి త్రిభుజం ఉండదు’ అని రాసింది. కీ చూసి దిద్దినవాళ్లు ఆ పిల్లకి సున్నా వేశారు. వారం పరీక్ష మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చే ఆ స్కూల్లో, ఆ మార్కులు పోయి ఎ సెక్షన్ నుంచి సి సెక్షన్‌కి జారింది. సి సెక్షన్ అంటే వెనక రేకుల షెడ్డు. లెక్కల మాస్టారు ఒక నెల ఉంటే రెండు నెలలు ఉండడు.

తిరిగి వేసి చూడమని నేర్పింది ఎ సెక్షన్ లెక్కల టీచరు రహిమున్నీసాయే. చిలకలూరిపేట దర్జీ కూతురు. బీఎస్సీ, బీఈడీ చదివి, డీఎస్సీలో అంచుదాకా వెళ్లి ఆగిపోయి, ఈ స్కూల్లోనే జుట్టు నెరిపించుకుంది. ఏటా సెప్టెంబరు అయిదున శాలువా కప్పి ఆమెను దేవతని చేస్తారు. మిగతా రోజుల్లో దేవతకి కీని అనుమానించే హక్కు కూడా లేదు.

“సార్, ఈ త్రిభుజం ఒకసారి గీయండి.”

“ఇప్పుడెందుకు మేడమ్?”

“గీయండి సార్.”

ఆయన నవ్వుతూ అడుగు గీత గీశాడు. ఒక కొసన యాభై, రెండో కొసన నూట ముప్పై కొలిచి గీతలు లేపాడు. రెండూ రైలు పట్టాల్లా పక్కపక్కనే పోయాయి. నవ్వు ఆగింది.

“సింగరాయకొండ దాకా గీసినా కలవవు సార్.”

“నిజమేననుకోండి. కానీ కీ మారిస్తే అన్ని బ్రాంచిల్లో ర్యాంకులు మారిపోతాయి. పేరెంట్స్‌కి మెసేజీలు కూడా వెళ్లాయి. ఒక్క పిల్ల కోసం ఇంత రచ్చా? పిల్లలకి సహనం కూడా నేర్పాలి కదా.”

“తప్పు చేసినవాళ్లు ఏసీ గదిలో, పట్టుకున్న పిల్ల రేకుల కింద. సహనం మాత్రం పిల్లకి! ఆ పిల్ల ఎక్కడుంటే నేనూ అక్కడే చెబుతా సార్.”

సోమవారం నిజంగానే షెడ్డులోకి వెళ్లింది. మధ్యాహ్నానికల్లా ఎ సెక్షన్ తల్లిదండ్రుల ఫోన్లు మొదలయ్యాయి: మా పిల్లలకి లెక్కల టీచరేరీ? ఒక్క పిల్ల కోసం మారనన్న కీ సాయంత్రానికి మారింది.

జయపాల్ గారే షెడ్డు గుమ్మం దాకా వచ్చాడు. “శాంతీ, పుస్తకాలు తీసుకుని పైకి రామ్మా. మేడమ్, మీరు కూడా.”

శాంతి లేచింది. వెనక బెంచీ నుంచి నగ్మా అడిగింది: “మరి మాకెవరు చెబుతారు మేడమ్?”

రహిమున్నీసా గొంతు ఇంకా తగ్గింది. “మీరు వెళ్లండి సార్. నాకిక్కడ క్లాసుంది.”