కొసరు చంద్రుడు

మొన్న నెల్లూరు నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, మనవరాలి గదికి రంగులు వేయిస్తున్నామనీ, పైకప్పంతా నీలం పూయించి మబ్బులూ చుక్కలూ వేయించి ఆకాశం మాదిరి చేయిస్తామనీ సంబరంగా చెప్పుకొచ్చింది. నేనూ సంబరంగానే విన్నాను. అంతవరకూ బాగానే ఉండింది. ఆ తర్వాత ఒక్క మాట అనింది చూడండి, "చిన్నప్పుడు పెద్దమ్మ వాళ్ళ గదిలో ఉండిందే, అచ్చం ఆ నీలమేనమ్మా" అని. చేతిలో కాఫీ చల్లారిపోయింది, కడుపులో మాత్రం రాజుకుంది. మోకాళ్ళు అరిగాయి, పళ్ళు ఊడాయి, చూపు మందగించింది, ఆ పాత కుళ్ళు ఒక్కటి మాత్రం నలభై ఏళ్ళుగా చెక్కుచెదరకుండా ఉందని ఆ పూట తెలిసింది. మీలో తోడికోడలితో ఒకే పెరడు పంచుకున్నవాళ్ళుంటే ఈ మంట సంగతి విడమరిచి చెప్పే పనిలేదు. లేనివాళ్ళు అదృష్టవంతులు, చదివి నవ్వుకోండి.

మాది ఉదయగిరి. కొండ కింద బజారులో మా నాయనకు రంగుల కొట్టు ఉండేది, రంగులంటే ఇప్పటి డబ్బాలు కాదు, సున్నం, జాజు, నీలిమందు, ముగ్గుల రంగులు, వాటితోపాటు మేకులూ తాళ్ళూ కూడా. దుత్తలూరు, వరికుంటపాడు పక్క పల్లెలనుంచి వచ్చేవాళ్ళు గడప దగ్గర చెప్పులు విడిచినప్పటినుంచే బేరం మొదలయ్యేది. మాట రాకముందే నాకు బేరం వచ్చిందని మా అవ్వ అందరికీ చెప్పుకునేది. కొనదల్చుకున్న వస్తువు వైపు చూడకూడదు, దాని పక్కదాని వైపు చూడాలి అని నేర్పింది ఆమే. ఇక కొసరు సంగతి నాయన దగ్గర చూసి నేర్చుకున్నాను. తూకం అయిపోయి, పొట్లం కట్టబోయే ముందు, గిరాకీ ఏమీ అడక్కుండా అట్లాగే కదలకుండా నిలబడితే, నాయన చిన్నగా దగ్గి, గుప్పిట్లోంచి మరికాస్త రాల్చేవాడు. ఆ కాస్తే కొసరు. తూకం కంటే ఆ కాస్త దగ్గరే మనుషుల ముఖాలు వెలిగేవి. నేను ఆ నిలబడటం ఎంత బాగా వంటబట్టించుకున్నానంటే, నా పెళ్ళి చీరలు కొన్నప్పుడు కొట్టు తలుపులు వేసుకునేదాకా నిలబడి ఒక రవికె గుడ్డ కొసరు తెచ్చుకున్న పెళ్ళికూతుర్ని.

అట్లాంటిదాన్ని తీసుకొచ్చి ఆత్మకూరులో మా అక్క పక్కన పెట్టారు. అక్కంటే తోబుట్టువు కాదు, మా బావగారి భార్య. ఆమెది నెల్లూరు టౌను, మెత్తని మాట, నిదానం నడక, ఎంత చెప్తే అంత ఇచ్చేసే చెయ్యి. కూరల బండి వచ్చిందంటే నేను అరగంట వాదించి, వంకాయల్ని ఒక్కొక్కటే తిరగేసి, గెలిచానన్న తృప్తితో లోపలికొస్తే, ఆమె వెనకనుంచి నిదానంగా వెళ్ళి చెప్పిన ధర ఇచ్చేది, బండి అతను అడుగునుంచి లేతవి ఏరి, ఆమె అడక్కుండానే గుప్పెడు కరివేపాకు కూడా పెట్టి పంపేవాడు. ఆ కరివేపాకు వాసన గోడ దాటి మా వంటింట్లోకి వచ్చినప్పుడల్లా నాకు తాలింపు మాడిపోయేది.

ఇల్లు ఒకటే, నడిమి గోడతో రెండు భాగాలు. బావగారు సోమశిల డ్యాము పనుల్లో సూపర్‌వైజరుగా ఉండేవాడు, చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి వాళ్ళ భాగం పాత మిద్దె కొట్టించి స్లాబు వేయించుకున్నాడు. మా ఆయన రైసు మిల్లులో గుమాస్తా. మాది దూలాల మీద కడప బండలు పరిచిన ఆ పాత మిద్దే. ఎనభైల మొదట్లో అనుకుంటాను, బావగారు డ్యాము దగ్గర ఎవరో ఇంజినీరు గారి క్వార్టర్స్‌లో పిల్లల గదికి ఆకాశం వేసి ఉండగా చూసి, తన కొడుక్కీ అట్లాంటి గది కావాలని, ఊళ్ళో కొట్లకు బోర్డులు రాసే సాయిబును పిలిపించాడు. లారీల వెనక నెమళ్ళూ కొలనులూ వేసి చెయ్యి తిరిగిన మనిషి. నాలుగు రోజులు తలుపులు మూసుకుని వేశాడు.

తలుపు తీసిన రోజు అక్క మమ్మల్నందరినీ పిలిచింది. నిజం చెప్పాలంటే, లోపలికి అడుగు పెట్టగానే నా తల దానంతటదే పైకి లేచింది. మూలన్నది లేకుండా, గోడ ఎక్కడ ఆగి కప్పు ఎక్కడ మొదలైందో తెలియకుండా ఒకటే నీలం. దూది ఏకినట్టు మబ్బులు, వాటి వెనక చుక్కలు, అన్నిటికీ నడుమ వెన్నముద్ద లాంటి నిండు చంద్రుడు. పగలూ రాత్రీ కలిసిపోయిన ఆ ఆకాశాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. నేను మాత్రం చంద్రుడి వైపు చూడకుండా పక్కనున్న కిటికీ వైపు చూసి, "బాగుండాది అక్కా, కాకపోతే దుమ్ము పడితే ఇట్టే కనపడిపోతాది" అన్నాను. అవ్వ నేర్పిన విద్య ఊరికే పోతుందా! కానీ ఆరేళ్ళ మా అమ్మాయి అప్పటికే గచ్చు మీద వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి పైకి చూస్తూ ఉండిపోయింది.

ఆ రోజునుంచి మా ఇంట్లో రాత్రి అన్నాలు కాగానే అది దిండు చంకలో పెట్టుకుని గుమ్మం దాటేది. "నేను చంద్రుడి కాడ పండుకుంటా" అనేది, అదేదో చుట్టాల ఊరికి పోతున్నట్టు. గోడ అవతలనుంచి ఆ అన్నాచెల్లెళ్ళ కిచకిచలూ, మధ్యలో అక్క మెత్తని నవ్వూ వినపడేవి. ఇవతల నేను ఖాళీగా ఉన్న పక్కను చేత్తో సర్ది సర్ది పడుకునేదాన్ని. పొద్దున వచ్చేటప్పటికి దానికి జడ కూడా వేసి ఉండేది, నేను వేసిన దానికంటే బిగువుగా, పాయలు సమంగా. ఆ జడను విప్పి మళ్ళీ నేను వేసేదాన్ని. మా ఆయన చూసి చూసి, "పెరట్లో మంచం వేస్తే ఆకాశం ఊరికే వస్తాది గదే, ఎందుకీ ఏడుపు" అన్నాడు. ఊరికే వచ్చేదాని విలువ ఆయనకేం తెలుసు, కొట్లో పుట్టలేదు కదా.

నా కూతుర్ని నా పక్కకు తెచ్చుకోవాలంటే నాకూ ఒక ఆకాశం కావాలి, అంతే. ఉదయగిరి పోయి నాయన కొట్లోంచి నీలిమందు పొట్లం తెచ్చాను. సున్నంలో కలిపేటప్పుడు మాత్రం పుట్టుబుద్ధి పోనిచ్చుకోక, సగం పొట్లం దాచి, సగమే కలిపాను. తడి మీద ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. అక్కను పిలిచి చూపిద్దామని పొద్దుటిదాకా ఆగాను. పొద్దున చూస్తే ఆరిపోయి, కప్పంతా నీళ్ళ మజ్జిగలా తెల్లబోయి ఉంది. సున్నం ఆరితే రంగు దిగుతుందని ఊరందరికీ చెప్పి అమ్మిన మనిషి కూతుర్ని నేను! దాచిన సగమూ కలిపి మళ్ళీ పూస్తే గానీ అది ఆకాశం కాలేదు.

అప్పుడు అదే సాయిబును పిలిచాను. ఆయన లోపలికొచ్చి తలెత్తి చూసి, "ఏందమ్మా, మీ ఆకాశం ముక్కలు ముక్కలుగా వచ్చిందే" అన్నాడు. వరసగా దూలాలు, వాటి మధ్య మధ్య నీలం పట్టీలు, అంతే మరి. ముక్కల ఆకాశం గనక రేటు తగ్గించమన్నాను. ముక్కలైతేనే పని ఎక్కువ అన్నాడాయన. చుక్కల్ని పిడకల్లా లెక్కగట్టి, మబ్బుల్ని పెద్దవీ చిన్నవీ అని వేరు చేసి, ఆయనకు విసుగు పుట్టేదాకా బేరమాడాను. చివరికి నెమ్మదిగా, గోడ వైపు చూస్తూ, చంద్రుడికి ఎంత తీసుకున్నావు భాయ్ ఆ ఇంట్లో అని అడిగాను.

"చంద్రుడికి ఏం తీసుకోలేదమ్మా, అది కొసరు."

"అక్క అడిగిందా?"

"ఆయమ్మ ఏమీ అడగదు. రెండు పూటలా కూర్చోబెట్టి అన్నం పెట్టింది. పోతా పోతా ఒక చంద్రుణ్ణి వేసిపోదాం అనిపించింది, వేసినా."

నా కూతుర్ని గోడ దాటించిన ఆ చంద్రుడు కొన్నది కాదు, అడిగింది కాదు, జన్మలో బేరం చేయని మనిషికి ఊరికే వచ్చిపడిన కొసరు! కొట్లో పుట్టి, కొట్లో పెరిగి, కొసరు కోసం పెళ్ళి చీరల దగ్గర నిలబడిన నాకు రాని కొసరు! అయితే మాకూ ఒకటి వేసిపో అన్నాను. ఆయన పెద్దగా నవ్వి, "నిలదీసి అడిగితే అది కొసరెట్లా అయితాదమ్మా, బాకీ వసూలు అయితాది" అన్నాడు.

పని అంతా అయిపోయి, ఆయన కుంచెలు గుడ్డలో చుట్టుకునే వేళకు వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. నాయన కొట్టు ముందు గిరాకీలు నిలబడినట్టే, కదలకుండా, మెదలకుండా. ఆయన ఒకసారి చూశాడు, ఇంకోసారి చూశాడు. "యా అల్లా, ఉదయగిరి గిరాకీ!" అంటూ కుంచె మళ్ళీ విప్పాడు. కానీ పట్టీలన్నీ చుక్కలతో నిండిపోయాయి, మిగిలింది నడిమి దూలానికి రెండు పక్కలా ఇంతంత చోటు. అక్కడ చంద్రుడు పట్టడన్నాడు. దూలానికి అటు సగం ఇటు సగం వెయ్యి, చంద్రుడు చంద్రుడే కదా అన్నాను నేను. వచ్చిన కొసరును ఎవరు వదులుకుంటారు!

ఆ రాత్రి మా అమ్మాయిని ఎత్తుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాను. మా దూలం మోటుది, కప్పుకు బాగా కిందికి దిగి ఉండేది, ఒక పక్క పడుకుంటే అవతలి పక్క కనపడదు. పిల్ల కాసేపు చూసి, "సగమే ఉండాడు" అని, దిండు తీసుకుని వెళ్ళిపోయింది. అక్క కూడా వచ్చి చూసి, పాపం ఏ ఉద్దేశమూ లేకుండానే, "అయ్యో, చంద్రుడికి దూలం తగిలిందే" అనింది. ఆ 'అయ్యో' నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఉక్రోషంతో దొర్లుతూ దొర్లుతూ మంచం అవతలి పక్కకు పోతే, మిగతా సగం కనపడింది. కొట్లో పుట్టడం ఆ పూట పనికొచ్చింది. మర్నాడు మా అమ్మాయితో, నీ సగం నీ దగ్గర, నా సగం నా దగ్గర, నువ్వు లేకపోతే నా చంద్రుడు నిండడు అని చెప్పి చూశాను. అనుమానంగానే వచ్చి దూలానికి ఇటు పడుకుంది, నేను అటు పడుకున్నాను. కాసేపటికి పైకి చూస్తూనే అడిగింది.

"అమ్మా, నీ సగం ఉండాడా?"

"ఉండాడు."

"నా సగం కూడా ఉండాడు."

అంతే, అది ఆటైపోయింది. రాత్రి పూట నన్ను అడిగి, నేను ఉండాడంటే గానీ కళ్ళు మూసేది కాదు. అక్క చంద్రుడు నిండుగా, ఒంటరిగా, అవతలి గదిలో మిగిలిపోయాడు. ఒకనాడు ఆమె మా గుమ్మంలో నిలబడి, ఏందో ఈ సగాల కథ, నేనూ చూస్తానంటూ వచ్చి నా చోట పడుకుంది. మా అమ్మాయి ఆమెను కూడా అడిగింది, "పెద్దమ్మా, నీ సగం ఉండాడా?" అని అదే గొంతుతో, అదే ముద్దుతో. "ఉండాడు బంగారూ" అంది అక్క, నాకంటే మెత్తగా. నేను గుమ్మంలో ఒక్క నిమిషం కూడా ఓర్చుకోలేక, "అక్కా, మీ పొయ్యి మీద పాలు పొంగిపోతున్నట్టుండాయి" అన్నాను. ఆమె పరుగెత్తింది. వాళ్ళ పొయ్యి మీద ఆ పూట పాలే లేవు. తిరిగి వచ్చి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వుకు కూడా కుళ్ళుకున్నాను నేను.

అక్క పోయి చాలా కాలమైంది. ఆ మిద్దే లేదు, ఆ స్లాబూ లేదు, నడిమి గోడతో సహా కొట్టేసి ఎవరో కాంప్లెక్సు కట్టుకున్నారు. సరుకులన్నీ అంటించిన పొట్లాల్లో, అచ్చువేసిన ధరతో వస్తున్నాయి, ఎంతసేపు నిలబడినా ఎవరి గుప్పిటా తెరుచుకోదు. కుళ్ళుకుందామంటే కూడా గోడ అవతల నవ్వే మనిషి ఉండాలి కదా.

రంగుల పని అయ్యాక నెల్లూరు పోయి ఆ గది చూశాను. నీలం అచ్చం అక్క గదిలోదే, కాదనను. కానీ అపార్టుమెంటు గదికి నడుమ సిమెంటు దూలం ఒకటి అడ్డంగా దిగి ఉంది. ఫాల్స్ సీలింగు వేసి అది కనపడకుండా చేస్తానని పెయింటరు ఎంత చెప్పినా మా అమ్మాయి వద్దని, దూలానికి అటు సగం ఇటు సగం చంద్రుణ్ణి వేయించిందట. ఫోన్లో ఈ మాట చెప్పి ఉంటే నా కాఫీ వేడిగా ఉండేది కదా! ఆ రాత్రి తల్లీకూతుళ్ళిద్దరూ దూలానికి చెరో పక్కా పడుకున్నారు. ఆ చంద్రుడి కింద మూడో మనిషికి చోటుండదు, ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు! గుమ్మంలో నిలబడ్డాను, చాలాసేపే నిలబడ్డాను. చివరికి, "అమ్మాయ్, వంటింట్లో కుళాయి కారుతున్నట్టుండాది" అన్నాను. అది లేచి పోయింది. నేను చప్పుడు చేయకుండా దాని చోట నడుం వాల్చాను.

మనవరాలు పైకే చూస్తూ అడిగింది, "అమ్మా, నీ సగం ఉన్నాడా?"

"ఉండాడు" అన్నాను.