పేరు లేని క్రీము డబ్బా

సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఆవిడకు డ్రైవర్లు పెట్టుకున్న పేరు డేగమ్మ. నిన్నటి టికెట్టును మడిచి ఇవాళ్టిదిగా చూపించేవాళ్లను నాలుగు సీట్ల అవతల నుంచే పట్టేసేది. పదకొండేళ్లుగా స్టాపుల్లో ఎండకు నిలబడి చేస్తున్న ఉద్యోగం. ఎవరిని చూసినా ముందు అనుమానం, తర్వాతే పలకరింపు.

అలాంటి మనిషికి బుగ్గల మీద, పైపెదవి మీద మంగు మచ్చలు వచ్చాయి. మొదట సబ్బును అనుమానించింది. తర్వాత ట్యాంకు నీళ్లను. ఆ తర్వాత కట్టుకున్నవాణ్ని. "మొహం మీద ఆ మసేంటే?" అని ఆయన ఏదో మామూలుగా అన్నాడు. అంతే, ఈయన కళ్లు ఈమధ్య ఎవరి మొహానికి అలవాటు పడ్డాయోనని ఆయన ఫోను రెండుసార్లు తిరగేసింది. గడియారాలు బాగుచేసే వీడియోలు తప్ప అందులో ఏమీ దొరకలేదు.

ఆమె అనుమానించనిది ఒక్క వదిననే. అన్న భార్య ఇంటి ముందుగదిలో బ్యూటీ పార్లర్ నడుపుతుంది. "పడుకునే ముందు ఇది రాసుకో. పదిరోజుల్లో నిన్ను నువ్వే గుర్తుపట్టవు," అని మూత మీద పేరు కూడా లేని తెల్లడబ్బా ఒకటి చేతిలో పెట్టింది.

అన్నట్టే మచ్చలు వెలిసిపోయాయి. మూడోనెలలో డబ్బా ఖాళీ అయింది. నాలుగురోజులు రాయకపోయేసరికి మొహం కారం పూసినట్టు మండింది. బుగ్గలు ఎర్రబడ్డాయి, మచ్చలు మునుపటికన్నా నల్లగా తేలాయి.

చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లింది కానీ, కింద ఉన్న మందులషాపు ఆయనదేనేమోనని మెట్లెక్కుతుండగానే శంక.

"మొహానికి ఏం రాస్తున్నారు?" అని ఆయన అడిగాడు.

"ఏమీ లేదండీ."

ఆయన బుగ్గ మీద లైటు వేసి చూశాడు. "సన్నటి ఎర్ర నరాలు బయటికి కనబడుతున్నాయి. ఏమీ రాయని మొహం ఇలా ఉండదమ్మా."

టికెట్టు లేనివాళ్లు తన ముందు జేబులు తడుముకున్నట్టే ఆమె కాసేపు సంచీ తడుముకుని, చివరికి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారు. ముందు తెల్లబరుస్తుంది, పోనుపోను చర్మాన్ని పల్చన చేస్తుంది. మంగుకి కారణం ఒక్కటే కాదు. ఎండ, వేడి, ఒంట్లో హార్మోన్లు, పుట్టింటి నుంచి వచ్చిన తత్వం, అన్నీ కలుస్తాయి."

"మొత్తం పోతుందా?"

"పోతుందని మాటివ్వలేను. నెలల మీద తగ్గుతుంది. ఎండలో అశ్రద్ధ చేస్తే మళ్లీ వస్తుంది."

మందులు మాత్రం వేరే వీధిలోనే కొంది. అయినా దారంతా ఆ 'మాటివ్వలేను' చెవిలో మెదులుతూనే ఉంది. బస్సుల్లో ఒట్లు వేసేవాళ్లెవరి దగ్గరా టికెట్టు ఉండగా ఆమె చూడలేదు.

మర్నాడు వదిన మీదికి వెళ్లింది. "తెలిసే ఇచ్చావా?"

వదిన తడిగుడ్డతో తన మొహాన ఉన్న పౌడరు తుడిచేసింది. కింద ఎర్రగా కందిపోయి, పొక్కులు. "ఏడాదిగా నేనూ మానలేకపోతున్నాను. ఎవరికి చెప్పుకోను? నాదే పార్లరాయె."

నిలదీయడానికి వెళ్లిన మనిషి పక్కన కూలబడింది. ఆ వారమే ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లారు. పార్లరుకు ఆ డబ్బాలు తెచ్చి అమ్మే సంచీమనిషి మళ్లీ వచ్చినప్పుడు, "ఇందులో ఏమేం కలిపారో కాగితం మీద రాసి సంతకం పెట్టు," అంది డేగమ్మ. ఇప్పుడే వస్తానని వెళ్లినవాడు ఇక ఆ గడప తొక్కలేదు.

వదిన ఇప్పుడు జుట్టు కత్తిరించడమే చేస్తోంది. ఆవిడ చర్మం కుదుటపడటానికి ఏడాది పట్టింది. డేగమ్మ అంచు వెడల్పు టోపీ పెట్టుకుని, డ్యూటీ మధ్యలో రెండుమూడు గంటలకోసారి సన్‌స్క్రీన్ రాసుకుంటోంది. బుగ్గల మీద మచ్చలు చాలావరకు తగ్గాయి. పైపెదవి మీద మాత్రం సన్నటి నీడ మిగిలింది. ఎండలు ముదిరితే అది కాస్త నల్లబడుతుంది. అప్పుడు కూడా ఆమె డాక్టరు దగ్గరికే వెళుతుంది, కాకపోతే చీటీలో ప్రతి మందు పేరూ అడిగి చదివించుకుంటుంది.