ఒంటి చేతి కొప్పు

డిగ్రీ అయిపోయి ఉద్యోగం ఇంకా రాని కుర్రాడికి ఆ రోజుల్లో మా ఇంట్లో ఒకటే హోదా: ‘వాడు ఖాళీగానే ఉన్నాడు కదా.’ గ్యాస్ బండ తేవాలంటే నేను, పెద్దమ్మను వింజమూరు బస్సెక్కించాలంటే నేను. (నిజానికి నేను గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాను. పుస్తకం మొహం మీద కప్పుకుని చదివే అలవాటు వల్ల మావాళ్లకు అది నిద్రలా కనపడేది.) కాబట్టి ఆత్మకూరు బస్టాండు దగ్గర ఫ్యాన్సీ అంగడి నడిపే మా అక్కను, కడుపుతో ఉండగా, కాన్పు దాకా మంచం దిగొద్దని డాక్టరమ్మ ఆజ్ఞాపించినప్పుడు అంగడి తాళాలు ఎవరి చేతికి వచ్చాయో చెప్పనక్కర్లేదు. మా బావ లారీ తోలుతూ మర్రిపాడు దాటి ఎక్కడో ఉంటాడు. మా నాయనకు చేజర్ల దగ్గర వరి మడి వదిలి రావడం కుదరదు. మిగిలింది ఖాళీగా ఉన్నవాడు. మీసాలున్న మగవాడు గాజులు, రిబ్బన్ల మధ్య కూర్చోవడమా అని అప్పుడు తెగ కుమిలిపోయాను గానీ, ఇప్పుడు తలుచుకుంటే ఆ స్టూలు మీద కూర్చోబెట్టినందుకు మా అక్కకు ఎన్ని దండాలు పెట్టినా చాలవనిపిస్తుంది.

అప్పటి దాకా నా దృష్టిలో క్లిప్పంటే క్లిప్పే. అందులో రకాలుంటాయని నాకు తెలియదు. మొదటి రోజే ఒకావిడ వచ్చి “నల్ల పిన్నులియ్యబ్బయ్యా” అంటే సేఫ్టీ పిన్నుల పొట్లం ఇచ్చాను. ఆవిడ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, “ఇవి తల్లో గుచ్చుకుంటే నేను బతికుంటానా?” అంది. ఆమె వెనకే యూనిఫారంలో ఒక బడి పిల్ల వచ్చి “అన్నా, టిక్‌టాక్ ఉందా?” అని అడిగింది. “నా ఫోన్లో లేదు పాపా, చదువుకునే వయసులో నీకెందుకది?” అని మందలించాను. ఆ పిల్ల తల పట్టుకుని, తలకున్న క్లిప్పే చూపించి, “ఇదన్నా” అంది. సాయంత్రానికల్లా ఈ కబురు మంచం మీదున్న అక్క దాకా పోయింది.

“ఒరే, నువ్వు అంగడి తెరిచినావా, మూసినావా?” అంటూ అక్క ఫోన్లో పాఠం మొదలుపెట్టింది. పక్కన పెట్టుకునేవి పక్క పిన్నులు, కొప్పులోకి యూ పిన్నులు, చిన్నపిల్లలకు టిక్‌టాక్, జుట్టంతా ఒక్కసారే పట్టి ఉంచేది క్లచ్చరు. “అరటికాయ క్లిప్పు పై అరలో ఉండాది” అనగానే నేను ఫక్కున నవ్వాను. “నవ్వబాక, నిజంగానే దాని పేరు బనానా క్లిప్పు” అని విసుక్కుంది. పేర్లు బట్టీ పట్టాను గానీ, ఏది ఎందుకు నిలబడుతుందో తెలియకుండా అమ్మడం నాకు నచ్చలేదు. అందుకని మధ్యాహ్నాలు గిరాకీ లేనప్పుడు ఒక్కో రకాన్నీ విప్పి చూడడం మొదలుపెట్టాను. (దీన్ని నేను పరిశోధన అన్నాను. అక్క తర్వాత వేరే మాట వాడింది.) టిక్‌టాక్ అంటే ఒక స్టీలు రేకు ముక్క. మధ్యలో ఖాళీ వదిలి కోసి, విడిగా ఉన్న రెండు కాళ్ల కొసలనూ దగ్గరికి లాగి రివిట్ కొడతారు. ఆ లాగుడుకు రేకు ఉబ్బుతుంది. ఆ ఉబ్బును అటు వంచితే టిక్కు, ఇటు వంచితే టక్కు. పక్క పిన్ను మొత్తం ఒకటే తీగ. దాన్ని సగానికి మడిచి, జుట్టు జారకుండా ఒక కాలిని అలలు అలలుగా వంచుతారు. తల చీరుకోకుండా కొసల మీద చిన్న పూత చుక్క పెడతారు. క్లచ్చరుకు కరిగించిన ప్లాస్టిక్కును అచ్చులో పోసి చేసిన రెండు దవడలుంటాయి. వాటి మధ్య చుట్ట స్ప్రింగు, ఆ స్ప్రింగు గుండా ఒక ఇనుప పుల్ల. నేను విప్పిన మొదటి క్లచ్చరులోంచి స్ప్రింగు ఎగిరి ఎక్కడ పడిందో ఈ రోజుకీ తెలియదు. విప్పడం తేలికే. తిరిగి బిగించడానికి కావలసిన మూడో చెయ్యే దేవుడు మనిషికి ఇవ్వలేదు.

చేతుల సంగతి నాకు అసలు అర్థమైంది మర్రిపాడు నుంచి ఒక అవ్వ వచ్చిన రోజున. గొర్రెలు కాసుకునే కుటుంబం వాళ్లది. కోడలి భుజం పట్టుకుని మెల్లగా మెట్టెక్కింది. నెరిసినా ఒత్తుగా నడుము దాకా ఉన్న జుట్టు వీపు మీద పరుచుకుని ఉంది. కుడి చెయ్యి పక్కన వేలాడుతోంది.

“అబ్బయ్యా, ఒంటి చేత్తో పెట్టుకునే క్లిప్పు ఉండాదా?” అని అడిగింది.

నేను నోరు తెరిచేలోగా కోడలు అందుకుంది. “పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయిందన్నా. నేను తెల్లారకముందే జీవాల్ని తోలుకోని పోవాల. ఈమెకి దువ్వి కొప్పు ముడిచేదానికి నాకెట్టా కుదురుతుంది? కత్తిరిస్తామంటే ఒప్పుకోదు.”

“ఒప్పుకోను” అంది అవ్వ. “జుట్టు ఇరబోసుకోని నలుగుర్లో కూర్చోలేక ఇల్లు కదలకుండా ఉండా. మా అన్న మనవరాలి పెండ్లి వస్తా ఉండాది. ఇట్టా తలకాయ పెట్టుకోని పోయేదానికంటే పోకుండా ఉంటేనే మేలు.”

“వచ్చే వారం సంతకి వస్తాం. అప్పటికీ దొరక్కపోతే బ్యూటీ పార్లర్లో కత్తిరిచ్చేస్తా” అని కోడలు గడువు పెట్టేసింది. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది. ఆమె చేతుల నిండా ముళ్ల గీతలు. అవ్వ నా వైపు ఎట్లా చూసిందంటే, నేను క్లిప్పులమ్మేవాణ్ని కాదు, తీర్పు చెప్పే జడ్జీనన్నట్టు. “ఉండాదవ్వా, తెప్పిస్తా” అనేశాను. అంగట్లో లేని సరుకు గురించి అలా చెప్పాలని అక్క నేర్పిన మాట అది. కానీ వాళ్లు మెట్టు దిగి వెళ్లిపోయాక అరలన్నీ దింపి వెతికినా అలాంటి క్లిప్పు ఎక్కడా లేదు.

మరుసటి మధ్యాహ్నం షట్టరు సగం దించాను. అరలోంచి పొడుగాటి సవరం ఒకటి తీసి, హెయిర్ బ్యాండుతో నా తలకు తగిలించుకున్నాను. కుడి చేతిని తువ్వాలుతో నడుముకు కట్టేసుకున్నాను. ఇక ఎడమ చేత్తో కొప్పు చుట్టడం, ఒక్కో క్లిప్పూ పెట్టి చూడడం. టిక్‌టాక్ తెరవడానికే రెండు చేతులు కావాలి. యూ పిన్ను తీసుకునేలోగా కొప్పు విడిపోయేది. క్లచ్చరు ఒంటి చేత్తో తెరుచుకుంది గానీ, దాని స్ప్రింగు నొక్కడానికే నా వేళ్లు పీక్కుపోయాయి. అవ్వ వేళ్ల వల్ల అయ్యే పని కాదు. ఆ క్లచ్చరు కొప్పుకు అలాగే ఉండగా ఆకలేసింది. అమ్మ పంపిన నిమ్మకాయ పులిహోర ఉంది. కుడి చెయ్యి విప్పితే మళ్లీ కట్టుకోలేను, ఎడమ చేత్తో తినడానికి మనసొప్పదు. అక్క బహుమతుల అరలో పెట్టుకునే ఉదయగిరి చెక్క గరిటెల్లోంచి ఒక ఫోర్కు తీసి, దాంతో తింటున్నాను. అప్పుడే ఫోను మోగింది. ఉన్నది ఒకటే చెయ్యి. ఫోర్కు ఎక్కడ పెట్టాలో తోచక గబుక్కున కొప్పులో గుచ్చేసి ఫోనందుకున్నాను. అవతల అక్క మాట్లాడుతుండగానే క్లచ్చరు టప్పున ఊడి కింద పడింది. కొప్పు మాత్రం కదల్లేదు! ఫోర్కు పట్టి ఉంచింది!

సరిగ్గా ఆ క్షణంలో షట్టరు కింద నుంచి వంగి మా నాయన లోపలికొచ్చాడు. చేతిలో వంకాయల సంచి. లోపలి గోడ వైపు తిరిగి ఉన్న నా వెనక భాగాన్ని చూసి, గౌరవంగా గుమ్మం దగ్గరే ఆగిపోయి, “అమ్మా, మావాడు యాడికి పోయినాడు?” అని అడిగాడు.

నేను తిరిగాను. మీసాలు, కొప్పు, కొప్పులో ఫోర్కు, నడుముకు కట్టేసిన చెయ్యి. మా నాయన సంచి మెల్లగా నేల మీద పెట్టి, వచ్చినట్టే వంగి వెనక్కి వెళ్లిపోయాడు. ఎదురుగా టీ అంగడి ముందు నిలబడి ఆయన అక్కకు ఫోన్ చేస్తుంటే నాకు వినబడుతూనే ఉంది. “మే, వాడికి ఉద్యోగం రాకపోయినా ఫర్వాలేదు. ముందు ఎవురికన్నా చూపిద్దాం.”

అక్క నవ్వలేక కడుపు పట్టుకుందట. (డాక్టరమ్మ నవ్వు గురించి ఏమీ చెప్పలేదు గాబట్టి సరిపోయింది.) నేను వెళ్లి టీ తాగుతూ అవ్వ సంగతంతా చెప్పాక నాయన గ్లాసు కింద పెట్టాడు. ఆ తర్వాత, “ఉదయగిరి బస్సు ఇంకాసేపట్లో వస్తాది. పో. అంగట్లో నేను కూర్చుంటా” అన్నాడు. నాకంటే క్లిప్పులు తెలియని మనిషి ఆ రోజు ఏమమ్మాడో, ఎవరికి ఏమిచ్చాడో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

ఉదయగిరిలో అక్కకు గరిటెలు పంపే ఆవిడను అందరూ ఆపా (అంటే అక్క) అంటారు. ఇంటి ముందు చెక్క పొట్టు మధ్యన కూర్చుని గరిటె గుంట చెక్కుతోంది. నేను వచ్చిన పని చెప్పగానే ఉలి కింద పెట్టి నవ్వింది. “అరె తమ్ముడూ, నేను అన్నం తినేదానికి చేస్తా. తలకాయకు ఎప్పుడూ చెయ్యలేదే!” ఇద్దరికీ తెలియదు గాబట్టి ఇద్దరం కలిసే తప్పులు చేశాం. నాలుగు పళ్ల ఫోర్కు తలకు గీసుకుంటుంది కనుక రెండు పళ్లే చాలనుకున్నాం. మొదటిది ఉప్పు కాగితంతో రుద్దుతుండగానే పుటుక్కుమంది. చెక్కలోని చార పళ్ల నిడివికి అడ్డంగా ఉన్న ముక్క తీసుకోవడమే తప్పు. రెండోది విరగకుండా ఉండాలని లావుగా చేస్తే, పక్కింటి పిల్ల చూసి ఇదేం బొమ్మ అని అడిగింది. చార నిలువుగా ఉన్న ముక్క ఎంచి, పళ్లు సన్నం చేసి, తల గుండ్రానికి తగ్గట్టు కొంచెం వంపు పెట్టి, కొసలు మొద్దు చేసి, కొబ్బరి నూనె పట్టించింది ఆపా. తన కొప్పులోనే గుచ్చుకుని, పక్కింటి పిల్లను చూడమని పిలిచి, తల అటూ ఇటూ ఊపింది. నిలబడింది. డబ్బు తీస్తే చెయ్యి తోసేసింది. “ఆ ముసలామె పెట్టుకున్నాక ఫోన్ చెయ్. అంతే” అంది.

సంత రోజున అవ్వ, కోడలు వచ్చారు. నేను ఆ చెక్క పిన్నును తువ్వాల్లో చుట్టి మరీ దాచిపెట్టాను. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది క్లిప్పా, మేకపిల్ల కొమ్ములా?” అంది. ఎడమ చేత్తో జుట్టు మెలిపెట్టి చుట్టింది. పిన్ను కోసం చెయ్యి తియ్యగానే కొప్పంతా జారిపోయింది. మళ్లీ చుట్టింది, మళ్లీ జారింది. నా ప్రయోగంలో ఫోర్కు గుచ్చేదాకా కొప్పును క్లచ్చరు పట్టి ఉంచిందన్న సంగతే మరిచిపోయాను. పైగా సవరం జుట్టు గరుకు, అవ్వ జుట్టు పట్టులాంటిది. కోడలు మొహం పక్కకు తిప్పుకుంది. “అవ్వా, పిన్ను ముందే పళ్లతో కరిచి పెట్టుకో” అన్నాను ఉత్సాహంగా.

“పండ్లు యాడుండాయిరా నాకు?” అని అవ్వ నోరు తెరిచి చూపించింది.

అవ్వ కాసేపు స్టూలు మీద కూర్చుని, చూపులతోనే ఏదో వెతికింది. లేచి నెమ్మదిగా గోడ దగ్గరికి నడిచింది. వీపు గోడకు ఆనించి, జుట్టు చుట్టి, ఆ చుట్టను తల వెనకతో గోడకు అదిమిపట్టింది. చెయ్యి ఖాళీ అయింది. చెంగులో దోపుకున్న పిన్ను నింపాదిగా తీసి, తల కొంచెం పక్కకు జరిపి, కొప్పులోకి గుచ్చి, లోపలికి తోసింది. గోడ వదిలి ఇవతలికి వచ్చింది. కొప్పు నిలబడింది. అవ్వ తల ఊపింది. ఇంకా గట్టిగా ఊపింది. కోడలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

“అద్దం చూపించు” అంది అవ్వ. నేను పెద్దదీ చిన్నదీ రెండూ తెచ్చి ముందొకటి, వెనకొకటి పట్టుకున్నాను. చాలాసేపు చూసుకుంది. “కొంచెం ఎడం పక్కకి పోయింది. ఫర్వాలా, రేపు సరిగ్గా పెట్టుకుంటా.” తర్వాత కోడలి వైపు తిరిగి, “మే, ఇంక నువ్వు పొద్దున్నే జీవాల్ని తోలుకోని పో. నా తలకాయ సంగతి నేను చూసుకుంటా” అంది. నా దగ్గరికొచ్చి, ఆ మంచి చేత్తో నా తల మీద గట్టిగా ఒకటి మొట్టి, “బాగా చేయించినావురా. గోడ సంగతి మాత్రం నీకు తట్టలా” అని నవ్వింది. ఆ మొట్టికాయను మించిన మెచ్చుకోలు నాకు ఆ తర్వాత వచ్చిన ఉద్యోగంలో కూడా దొరకలేదు.

అవ్వ పెళ్లికి వెళ్లింది. ముందు వరసలో కూర్చుందట. కోడలు తర్వాత రిబ్బన్లకు వచ్చినప్పుడు చెప్పింది. ఆపాకు ఫోన్ చేసి చెబితే, “గోడకా? అల్లా!” అని చాలాసేపు నవ్వింది. మా అక్క పాపను ఎత్తుకుని అంగడికి తిరిగొచ్చిన రోజున, అరలో దవడలు ఊడిన క్లచ్చర్లనూ కాళ్లు విరిగిన టిక్‌టాక్‌లనూ చూసి, పరిశోధనను ‘విధ్వంసం’ అని పిలిచింది. తాళాలు తిరిగి తీసుకునేటప్పుడు మాత్రం, “నువ్వు ఉండబట్టి సరిపోయిందిరా” అంది. ఖాళీగా ఉన్నావు గాబట్టి అనలేదు.

ఇప్పుడు నేను నెల్లూరులో ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. మా ఆవిడ డ్యూటీ పొద్దున్నే మొదలవుతుంది గనుక యూకేజీ చదివే మా అమ్మాయికి రెండు జడలు వెయ్యడం నా వంతు. పక్క ఫ్లాటు పెద్దాయన పేపరు మీదుగా విచిత్రంగా చూస్తుంటాడు. నేను పాపిడి తీసి, రబ్బరు బ్యాండు బిగించి, ముందుకు పడే చిన్న వెంట్రుకలకు పిన్ను పెడుతుంటే ఆ పిల్ల కాళ్లూపుతూ, “నాన్నా, నువ్వు జడలు వెయ్యడం ఏ స్కూల్లో నేర్చుకున్నావు?” అని అడుగుతుంది. పరువు పోయిందని గాజుల మధ్య కూర్చుని కుమిలిపోయిన ఆ మీసాల కుర్రాణ్ని తలుచుకుని నాలో నేను నవ్వుకుంటాను. “కదలొద్దమ్మా, పాపిడి వంకర పోతుంది” అంటాను.